విమానంలో పడక ఉంటే సరిపోదు: బిజినెస్ క్లాసులో నిద్రపోవడానికి సమగ్ర మార్గదర్శి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, తణుకు వైపు నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలే బిజినెస్ క్లాస్ టికెట్లు కొని పంపుతున్నారు. ఏటా మార్చిలో బోస్టన్‌లో జరిగే సీఫుడ్ ఎక్స్‌పోకు వెళ్లే రొయ్యల ఎగుమతిదారులూ అదే క్లాసులో వెళ్తున్నారు. ఈ రెండు వర్గాల వారూ తరచూ అడిగే ప్రశ్న ఒక్కటే: లక్షలు పోసి టికెట్ కొన్నా, సీటు మంచంలా పరుచుకున్నా నిద్ర ఎందుకు పట్టలేదు, ఈసారి ఏం చేయాలి?

టికెట్‌తో వచ్చేది పడక మాత్రమే. దాని మీద ఐదారు గంటలు ఏకధాటిగా నిద్రపోగలమా లేదా అన్నది ఏ విమానం, ఏ సీటు, ఏ వేళకు నిద్ర అనే మూడు నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ మూడూ ఇంటి దగ్గర ఉండగానే తీసుకోవలసినవి. టికెట్ కొనిపెట్టే పిల్లలు మొదటి నాలుగు భాగాలు శ్రద్ధగా చదవాలి. ప్రయాణం చేసేవారు ఐదో భాగం నుంచి అచ్చు వేయించుకుని దగ్గర పెట్టుకోవచ్చు.

1. ధర కంటే ముందు విమానం రకం చూడండి

బిజినెస్ క్లాస్ అన్న పేరు ఒక్కటే గానీ లోపలి సీట్లు అన్నిచోట్లా ఒక్కలా ఉండవు. ఒకే సంస్థ నడిపే రెండు విమానాల్లో ఒకదానిలో తలుపున్న విడి సీటు, మరొకదానిలో ముగ్గురు పక్కపక్కనే కూర్చునే వరుస ఉండవచ్చు. అందుకే బుకింగ్ చేసేటప్పుడు విమానం రకం చూసి, దాని సీట్ల పటం తెరవాలి. ఏరోలోపా వెబ్‌సైటులో సీట్లు, కిటికీలు, టాయిలెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కొలత ప్రకారం గీసిన పటాలు దొరుకుతాయి.

పటంలో ముందుగా చూడవలసింది వరుసలోని అమరిక. 1-2-1 అని ఉంటే కిటికీల దగ్గర ఒక్కొక్క సీటు, మధ్యలో రెండు సీట్లు ఉన్నట్టు. అందులో ప్రతి ఒక్కరూ ఎవరి కాళ్లూ దాటకుండా నేరుగా నడవలోకి రాగలరు. 2-2-2 అయితే కిటికీ వైపు కూర్చున్నవారు రాత్రి లేచినప్పుడు పక్కవారి కాళ్ల మీదుగా దాటాలి. 2-3-2 లో మూడింటి నడుమ సీటు వచ్చినవారికి ఎటు లేచినా ఇదే ఇబ్బంది. ఎమిరేట్స్ పాత 777 విమానాల్లో 2-3-2 అమరిక ఉంటుంది; అదే సంస్థ ఏ380 పై అంతస్తులోనూ, కొత్తగా మార్చిన 777లలోనూ 1-2-1 ఉంటుంది. ఖతార్ ఎయిర్‌వేస్ 2017లో తెచ్చిన క్యూసూట్‌కూ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2019లో తెచ్చిన క్లబ్ సూట్‌కూ తలుపులు ఉంటాయి గానీ అవి ఆ సంస్థల విమానాలన్నిటిలోనూ ఉండవు. ఎయిర్ ఇండియాలో ఏ350 సీట్లకూ పాత 777 సీట్లకూ చాలా తేడా ఉంది.

రెండు విమానాలూ మిగతా విషయాల్లో సమానంగా ఉంటే బోయింగ్ 787 లేదా ఎయిర్‌బస్ ఏ350 తీసుకోవాలని నా సలహా. చాలా విమానాల్లో లోపలి గాలి పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఈ రెండు రకాల్లో మాత్రం దాన్ని 6,000 అడుగుల స్థాయి దగ్గర ఉంచుతారు, తేమ కూడా కాస్త మెరుగ్గా ఉంటుంది. అరవై దాటినవారికి దిగాక తలనొప్పి, గొంతు ఎండిపోవడం తగ్గడంలో ఈ తేడా తెలుస్తుంది.

డబ్బు ఒక్క భాగానికే సరిపోతే ఏ భాగానికి బిజినెస్ తీసుకోవాలని చాలామంది అడుగుతారు. హైదరాబాదు నుంచి దుబాయ్ లేదా దోహాకు సుమారు 4 గంటలే పడుతుంది. అందులో ఎక్కడం, భోజనం, దిగడం పోగా పడుకోవడానికి రెండు గంటలు కూడా మిగలవు. అక్కడి నుంచి అమెరికాకు 14 నుంచి 16 గంటలు పడుతుంది. బిజినెస్ క్లాస్ కావలసింది అక్కడే. లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే తొమ్మిది పది గంటల ప్రయాణాలు రెండు వస్తాయి, రెండింటిలోనూ నిద్ర అరకొరగా మిగులుతుంది. నిద్ర ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే గల్ఫ్ దారి మేలు.

2. సీటు నంబరు ఎంచుకోవడం

సీటు పడకగా మారినప్పుడు పాదాలు ముందు సీటు కిందనో, దాని పక్కనో ఉండే ఒక అరలోకి వెళ్తాయి. నిద్ర చెడగొట్టే వాటిలో మొదటిది ఈ అరే. కొన్ని సీట్లలో ఇది ఎంత ఇరుకుగా ఉంటుందంటే, వెల్లకిలా ఉన్నంతసేపు రెండు పాదాలూ పడతాయి గానీ పక్కకు తిరిగి పడుకోగానే మోకాలు పైచెక్కకు తగులుతుంది. ఇంట్లో ముడుచుకుని పక్కకు తిరిగి పడుకునే అలవాటున్నవారు విమానంలో నాలుగైదుసార్లు మేలుకోవడానికి అసలు కారణం తరచూ ఇదే. క్యాబిన్‌లో అన్నిటికంటే ముందు వరుసలో ఎదురుగా సీటు ఉండదు కాబట్టి చాలా విమానాల్లో అక్కడి అర వెడల్పుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారికీ, ఆరడుగులకు దగ్గరగా ఉన్నవారికీ ఆ వరుస ఇప్పించండి.

అయితే పసిపిల్లల ఉయ్యాల తగిలించేది కూడా ఎక్కువగా ఆ ముందు గోడకే. చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేవారు ఆ వరుస వద్దనుకుని, క్యాబిన్ మధ్య వరుసలు తీసుకోవడం మంచిది. వంట సరంజామా ఉండే గ్యాలీకీ, టాయిలెట్‌కీ ఆనుకుని ఉన్న వరుసలో గిన్నెల చప్పుడు, తెర తీసినప్పుడల్లా వెలుగు, క్యూలో నిలబడ్డవారి మాటలు రాత్రంతా ఉంటాయి. టాయిలెట్‌కు తరచుగా వెళ్లే పెద్దవాళ్లకు మూడు నాలుగు వరుసల దూరం సరిపోతుంది. పక్కనే ఉండాలని కోరుకుంటే సౌకర్యం కంటే అవస్థే ఎక్కువ.

మరో సూక్ష్మం ఉంది. 1-2-1 లో కూడా కొన్ని విమానాల్లో కిటికీ సీట్లు ఒక వరుసలో కిటికీకి ఆనుకుని, తరువాతి వరుసలో నడవకు ఆనుకుని మారుతూ ఉంటాయి. పటంలో సీటుకూ నడవకూ మధ్య చిన్న బల్ల కనిపించే నంబరునే ఎంచుకోవాలి. లేకపోతే నడిచే ప్రతి మనిషీ, తోసుకెళ్లే ప్రతి బండీ మీ భుజానికి తగిలేటంత దగ్గరగా వెళ్తారు.

భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే మధ్య జత సీట్లు తీసుకోవచ్చు. ఒకరు ఇంగ్లీషు మాట్లాడలేని పక్షంలో ఇది తప్పనిసరి. పటంలో ఆ రెండు సీట్లూ దగ్గరగా ఉన్నాయో, మధ్యలో బల్లలు వచ్చి దూరమయ్యాయో చూసుకోండి. 2-3-2 విమానం తప్పనిసరైతే జంటకు కిటికీ వైపు జత మేలు. నడవ వైపు సీటును రాత్రి ఎక్కువసార్లు లేచేవారికి ఇవ్వండి.

విమానం మారితే మీరు ఎంచుకున్న సీటు కూడా మీకు తెలియకుండానే మారిపోవచ్చు. అందువల్ల ప్రయాణానికి వారం ముందు ఒకసారి, 72 గంటల ముందు ఒకసారి, చెకిన్ తెరిచినప్పుడు ఇంకోసారి నంబరు సరిచూడండి.

3. బయలుదేరే ముందు రెండు రోజులు

గోదావరి డెల్టా నుంచి వెళ్లేవారి నిద్ర ఎక్కువగా పాడయ్యేది విమానంలో కాదు, విమానానికి ముందు రాత్రి. కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో, నర్సాపురం రైల్లోనో రాత్రంతా ప్రయాణించి, హైదరాబాదులో బంధువుల ఇంట్లో పగలంతా కబుర్లతో గడిపి, అర్ధరాత్రి దాటాక శంషాబాదు చేరితే అప్పటికే రెండు రాత్రుల నిద్ర బాకీ పడుతుంది. అలసట ఎక్కువైతే పడుకోగానే నిద్ర పడుతుందన్నది సగమే నిజం. అతిగా అలసిన శరీరం త్వరగా కునుకు తీస్తుంది గానీ మధ్యలోనే మేలుకోవచ్చు. కాళ్ల వాపు, తలనొప్పి వేరే ఉంటాయి.

ఇలా చేయండి:

- సామాను సర్దడం, తూకం వేయడం ప్రయాణానికి రెండు రోజుల ముందే ముగించండి. ఆత్రేయపురం పూతరేకులు, ఆవకాయ సీసాలు చివరి రాత్రికి మిగిల్చవద్దు. నూనె ఉన్న పచ్చళ్లు చెకిన్ లగేజీలోనే పెట్టాలి.
- వీలైతే ఒక రోజు ముందే హైదరాబాదు చేరి ఆ రాత్రి మంచం మీద నిద్రపోండి. మధురపూడి నుంచి గానీ గన్నవరం నుంచి గానీ విమానంలో వెళ్లినా ఇదే వర్తిస్తుంది. అదే రోజు కనెక్షన్ పెట్టుకుంటే చిన్న ఆలస్యం కూడా గుండె దడ పుట్టిస్తుంది.
- విమానం తెల్లవారుజామున ఉంటే ముందు రోజు సాయంత్రం 6 గంటల నుంచి 10 వరకు గది చీకటి చేసి పడుకోండి. వీడ్కోలు చెప్పే బంధువులను మధ్యాహ్నానికే రమ్మనండి.
- రక్తపోటు, మధుమేహం, రక్తం గడ్డకట్టే సమస్య, ఇటీవలి ఆపరేషన్ ఉన్నవారు రెండు వారాల ముందే డాక్టరును కలిసి మాత్రల వేళలు, ఇన్సులిన్ వేళలు, బిగుతు మేజోళ్లు అవసరమా అన్నది కాగితం మీద రాయించుకోండి.
- గురకకు సీప్యాప్ యంత్రం వాడేవారు విమాన సంస్థకు ముందుగా తెలియజేసి అనుమతి తీసుకోవాలి. సీటు దగ్గరి ప్లగ్గు పనిచేస్తుందని నమ్ముకోకుండా బ్యాటరీ వెంట ఉంచుకోవాలి.

4. నిద్ర వేళను ముందే లెక్క కట్టండి

ఈ మార్గదర్శిలో ముఖ్యమైన అడుగు ఇదే. విమానంలో నిద్ర వచ్చినప్పుడు పడుకుందామనుకునేవారు మూడు సినిమాలు, రెండు భోజనాలు ముగిశాక, దిగడానికి నాలుగు గంటల ముందు పడుకుంటారు. అంటే దిగే ఊళ్లో మిట్టమధ్యాహ్నం వేళ నిద్రపోయి, ఆ రాత్రంతా కొడుకు ఇంట్లో కళ్లు తెరుచుకుని కూర్చుంటారు.

లెక్క కట్టే పద్ధతి ఇది. బయలుదేరే సమయం దిగే ఊళ్లో ఎంత అవుతుందో రాసుకోండి. దాని కింద ప్రయాణ గంటలు ఒక్కొక్కటిగా వేసి, ఆ ఊళ్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఏ గంటలు పడుతున్నాయో గుర్తించండి. మీ నిద్ర వీలైనంతవరకు ఆ గంటల్లోనే ఉండాలి.

ఉదాహరణకు వేసవిలో దోహా నుంచి ఉదయం 8 గంటలకు బయలుదేరి 15 గంటలకు డాలస్ చేరే విమానం తీసుకుందాం. బయలుదేరేటప్పుడు డాలస్‌లో అర్ధరాత్రి 12, మన దగ్గర ఉదయం 10:30. బయట ఎండ కాస్తోంది కదా అని అప్పుడు మెలకువగా ఉండటం పొరపాటు. విమానం పైకి లేచిన గంటలోపు పడుకోవాలి. హైదరాబాదులో తెల్లవారుజాము విమానం కోసం రాత్రి సగమే నిద్రపోయి ఉంటారు కాబట్టి శరీరం కూడా సహకరిస్తుంది. ఆరు గంటలు నిద్రపోయి లేస్తే డాలస్‌లో ఉదయం 7 అవుతుంది. అక్కడి నుంచి మెలకువగా ఉండి మధ్యాహ్నం 3కి దిగితే, ఆ రాత్రి 9 గంటలకు సహజంగానే నిద్ర ముంచుకొస్తుంది.

వేసవిలో మన సమయానికి న్యూయార్క్ తొమ్మిదిన్నర గంటలు, డాలస్ పదిన్నర, శాన్ ఫ్రాన్సిస్కో పన్నెండున్నర గంటలు వెనక ఉంటాయి. శీతాకాలంలో ఒక్కోదానికి ఒక గంట కలపండి.

తిరుగు ప్రయాణం కష్టం, ఎందుకంటే తూర్పు వైపు గడియారం సర్దుకోవడం శరీరానికి ఎక్కువ శ్రమ. సాయంత్రం అమెరికాలో ఎక్కే విమానమైతే మొదటి సగంలో నాలుగైదు గంటలకు మించకుండా పడుకుని, రెండో సగం మెలకువగా ఉండి, మిగతా నిద్రను ఇంటికి దాచుకోవడం నయం.

5. చేతి సంచిలో ఉండవలసినవి

- మెత్తని కళ్లపట్టీ. విమానంలో ఇచ్చేవి చాలావరకు పలుచగా ఉండి ముక్కు పక్కనుంచి వెలుగు రానిస్తాయి.
- ఫోమ్ ఇయర్ ప్లగ్‌లు రెండు జతలు.
- వదులుగా ఉండే నూలు పైజామా, పొడుగు చేతుల బనియను. ఆడవారికి చుడీదారు లేదా నైటీ. పడక కదులుతున్నప్పుడు చీర చెంగు, దుపట్టా సీటు సందులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.
- ఒక నూలు తుండు. దీని ఉపయోగం ఏడో భాగంలో చెప్తాను.
- మడమలు జారని మేజోళ్లు, టాయిలెట్‌కు వేసుకెళ్లడానికి తేలికైన చెప్పులు. అక్కడి నేల తడిగా ఉంటుంది, మేజోళ్లతో వెళ్లవద్దు.
- ముక్కుకు ఉప్పునీటి స్ప్రే, కళ్ల చుక్కలు, పెదవులకు పూత. ఒక్కోటి 100 మిల్లీలీటర్ల లోపు సీసాలో.
- ప్రయాణానికీ, మరో మూడు రోజులకూ సరిపడే మందులు, ప్రిస్క్రిప్షన్‌తో.
- కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు పెట్టుకోవడానికి మూత బిగిసే ముదురు రంగు డబ్బా.
- ఒక చీటీ. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే పిల్లలు దీన్ని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి: నిద్రపోతే భోజనానికి లేపవద్దు, దిగడానికి రెండు గంటల ముందు లేపండి, శాకాహారం మాత్రమే, దయచేసి పడక మీరు వేసి పెట్టండి. సిబ్బందికి మాటలతో చెప్పడానికి మొహమాటపడే అమ్మానాన్నలకు ఈ చీటీ చాలా పని చేస్తుంది.

6. ఎక్కిన తరువాత మొదటి పావుగంట

తలుపులు మూసేలోపు సీటు గురించి తెలుసుకోవలసినవన్నీ తెలుసుకోవాలి. చీకటి పడ్డాక బటన్లు వెతికితే పక్కవారి లైటు వెలిగించడమో, కాళ్ల దగ్గరి భాగం పైకి లేపడమో జరుగుతుంది.

1) సీటు పక్కనున్న బటన్లలో మూడు ముఖ్యం: నిటారుగా తెచ్చేది, వాలుగా చేసేది, పూర్తిగా పరిచేది. మూడింటినీ ఒక్కోసారి నొక్కి చూడండి. పరిచే బటన్‌ను చివరిదాకా నొక్కి పట్టుకునే ఉండాలి. మధ్యలో వదిలేస్తే సీటు సగంలో ఆగిపోతుంది. సీటు చెడిపోయిందనుకుని రాత్రంతా వాలుగానే పడుకున్నవారు ఉన్నారు.

2) చేతిదన్ను కిందికి దిగుతుందేమో చూడండి. చాలా సీట్లలో నడవ వైపు చేతిదన్నుకు చిన్న మీట ఉంటుంది. అది దింపితే భుజం దగ్గర మూడు నాలుగు వేళ్ల వెడల్పు అదనంగా వస్తుంది.

3) పాదాల అరలో చెప్పులు, సంచి పెట్టవద్దు. చేయి పెట్టి దాని ఎత్తు, వెడల్పు తడిమి చూడండి. ఎటు తిరిగి పడుకోవాలో అక్కడే తెలిసిపోతుంది.

4) సిబ్బంది పలకరించడానికి వచ్చినప్పుడే చీటీ ఇవ్వండి. సీటు మీద పరిచే పలుచని పరుపుపట్ట ఉందా అని అడగండి. కొన్ని సంస్థలు అడిగినవారికే ఇస్తాయి. రెండో దిండు కూడా అప్పుడే అడగాలి, తరువాత మిగలకపోవచ్చు.

5) బట్టలు మార్చుకోవాలంటే విమానం కదలకముందే మార్చుకోండి. పైకి లేచాక టాయిలెట్ దగ్గర క్యూ ఉంటుంది.

7. పడక వేసుకునే క్రమం

బెల్టు గుర్తు ఆరిన వెంటనే ఈ వరుసలో చేయాలి. క్రమం మారితే సగం పని మళ్లీ చేయవలసి వస్తుంది.

మొదట టాయిలెట్‌కు వెళ్లి రండి. తరువాత ఫోను, కళ్లద్దాలు, డబ్బా సీటు మీద నుంచి తీసి మూత ఉన్న అరలో పెట్టండి. ఇప్పుడు సీటు పూర్తిగా పరిచి, దాని మీద పరుపుపట్ట వేయండి. పట్ట లేకపోతే మీ నూలు తుండును భుజాల నుంచి తొడల వరకు వచ్చేలా పరవండి. తోలు, రెగ్జిన్ సీట్లు శరీరపు వేడిని బయటికి పోనివ్వవు. గంటసేపటికి వీపు చెమటపట్టి మెలకువ రావడానికి కారణం అదే. నూలు గుడ్డ ఆ చెమటను పీల్చుకుంటుంది.

సీటు ముక్కలు కలిసే చోట, సరిగ్గా నడుము కింద, ఒక గాడి లాంటి పల్లం ఉంటుంది. చేత్తో తడిమి ఆ చోటు కనిపెట్టి, రెండో దిండునో మడిచిన పలుచని దుప్పటినో దాని మీద వేయండి. నడుము నొప్పితో లేచేవారిలో చాలామందికి ఈ ఒక్క పనితో తేడా కనిపిస్తుంది. వెల్లకిలా పడుకునేవారు మోకాళ్ల కింద దిండు పెట్టుకోవాలి, పక్కకు తిరిగేవారు రెండు మోకాళ్ల మధ్య.

విమానం మేఘాల పైన సమంగా ఎగురుతున్నట్టు కనిపించినా ముక్కు కాస్త పైకెత్తే ఎగురుతుంది. పాదాలు ముందు వైపు ఉండే సీటులో పూర్తిగా పరిచి పడుకుంటే తల కిందికి ఉన్నట్టు కొందరికి అనిపిస్తుంది. అలాంటప్పుడు, ముఖ్యంగా పులితేన్పులు, గుండెలో మంట ఉన్నవారు, వీపు భాగాన్ని రెండు మూడు అంగుళాలు పైకి లేపుకోవాలి.

దుప్పటి కప్పుకున్న తరువాత బెల్టును దుప్పటి పైన, నడుముకు వదులుగా పెట్టుకోండి. కుదుపులు వచ్చినప్పుడు సిబ్బంది టార్చితో బెల్టులు చూస్తారు. దుప్పటి కింద ఉంటే మిమ్మల్ని లేపక తప్పదు.

చివరగా చెవులు. ఇయర్ ప్లగ్‌ను వేళ్ల మధ్య నలిపి సన్నని పుల్లలా చేయాలి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని వెనక్కి, పైకి లాగి, ప్లగ్‌ను లోపలికి నెట్టి, అది ఉబ్బే వరకు అర నిమిషం వేలితో పట్టి ఉంచాలి. చెవి లాగకుండా నెడితే సగమే వెళ్తుంది, చప్పుడు సగమే తగ్గుతుంది. విమానంలో ఇచ్చే పెద్ద హెడ్‌ఫోన్లతో పక్కకు తిరిగి పడుకోలేరు. కళ్లపట్టీ వేసుకుని ఎదుటి తెర ఆపేయండి.

8. తిండి, నీళ్లు, మద్యం, మాత్రలు

శాకాహార, మధుమేహ భోజనాలను కనీసం 24 గంటల ముందు నమోదు చేయించాలి. కొన్ని సంస్థలు ఇంకా ముందే అడుగుతాయి. నిద్రకు ముందు తినేది తక్కువగా, తెలిసినదిగా ఉండాలి. విమానాశ్రయ లాంజిలోనే పెరుగన్నమో, ఇడ్లీయో తినేసి విమానంలో మొదటి భోజనం వద్దని చెప్పడం నిద్రకు అన్నిటికంటే ఎక్కువ సమయం మిగిల్చే పద్ధతి. నాలుగు దఫాలుగా వడ్డించే భోజనానికి గంటన్నర దాకా పోతుంది. టికెట్‌కు ఇంత పెట్టి భోజనం వదులుకోవడమా అనే బాధ అర్థమవుతుంది. లేచాక అడగండి, చాలా సంస్థలు బిజినెస్ క్లాసులో తరువాత కూడా ఏదో ఒకటి ఇస్తాయి.

విమానంలో తేమ 20 శాతానికి లోపే ఉంటుంది. గోదావరి గాలికి అలవాటైన ముక్కు, గొంతు అక్కడ త్వరగా ఎండిపోతాయి. పడుకునే ముందు గ్లాసెడు, లేచిన తరువాత రెండు గ్లాసులు తాగితే చాలు; ఒకేసారి లీటరు తాగితే టాయిలెట్ కోసమే లేవాలి. నిద్ర వేళకు ఆరు గంటల ముందు నుంచి కాఫీ, టీ మానేయండి.

మద్యం విషయంలో గట్టిగానే చెప్పాలి. జర్మన్ ఏరోస్పేస్ సెంటర్ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, మద్యం తాగి విమానంలో ఉండేటంత తక్కువ పీడనంలో నిద్రపోయినవారికి, వారు ఆరోగ్యవంతులైన యువకులే అయినా, రక్తంలో ఆక్సిజన్ తగ్గి గుండె వేగం పెరిగింది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు ఉచితంగా ఇస్తున్నారని పుచ్చుకోకూడదు. నిద్రమాత్రను మొదటిసారి విమానంలో వేసుకోకూడదు. డాక్టరు రాసిస్తే ఇంట్లో ఒక రాత్రి వేసుకుని చూశాకే. మాత్ర, మద్యం రెండూ కలవనే కూడదు.

9. మధ్యలో వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

ఉక్కగా ఉంది: చాలా పెద్ద విమానాల్లో తల మీద గాలి గొట్టం ఉండదు. సిబ్బందిని అడిగితే క్యాబిన్ ఉష్ణోగ్రత తగ్గించగలరు, అడగకపోతే తగ్గదు. మందపు రగ్గు తీసేసి నూలు తుండు కప్పుకోండి.

ఫోను సందులో పడింది: సీటును ఒక్క అంగుళం కూడా కదపవద్దు. కదిలే భాగాల మధ్య నలిగితే ఫోను బ్యాటరీ మంటలు లేపగలదు. సిబ్బందిని పిలవండి, తీయడం వారికి తెలుసు.

సీటు కదలడం లేదు: ముందుగా బల్ల పూర్తిగా మడిచి ఉందా, సంచి అడ్డుందా చూడండి. అయినా కదలకపోతే సిబ్బంది సీటు కరెంటు ఆపి మళ్లీ ఇవ్వగలరు. అదీ పనిచేయకపోతే చేత్తో పరిచే మీట ఉంటుంది. వేరే సీటు ఖాళీ ఉంటే అడగడానికి సంకోచించవద్దు.

కాళ్లు వాచాయి, పిక్కలు లాగుతున్నాయి: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలు, అంతకు మించిన ప్రయాణంలో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుంది. మొత్తం మీద ఆ ముప్పు తక్కువే అయినా పడక ఉంది గదా అని పది గంటలు కదలకుండా ఉండకూడదు. మెలకువ వచ్చిన ప్రతిసారీ పాదాలను ముప్పై సార్లు పైకీ కిందికీ ఆడించి, నడవలో ఒక చుట్టు తిరిగి రండి. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే, ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే వెంటనే సిబ్బందికి చెప్పాలి. దిగేదాకా ఓపిక పట్టే విషయం కాదు.

మూడు గంటలకే మెలకువ వచ్చింది: గడియారం చూడవద్దు, సినిమా పెట్టవద్దు. టాయిలెట్‌కు వెళ్లి, రెండు గుక్కల నీళ్లు తాగి, ఇంతకుముందు వెల్లకిలా ఉంటే ఇప్పుడు పక్కకు తిరిగి కళ్లపట్టీతో అరగంట పడుకోండి. నిద్ర పట్టకపోయినా పడుకునే ఉండటం కాళ్లకూ వీపుకూ విశ్రాంతి.

10. ప్రీమియం ఎకానమీ అయితే

ఎకానమీకీ బిజినెస్ క్లాసుకూ మధ్యనుండే ఈ తరగతిలో సీటు పడకగా మారదు. ఈ సంగతి తెలియక నిరాశపడేవారు ఉన్నారు. ఎమిరేట్స్‌లో ఈ తరగతి సీట్ల మధ్య దూరం 40 అంగుళాల వరకు, వెడల్పు 19.5 అంగుళాలు, వెనక్కి వాలేది 8 అంగుళాలు. అంటే వాలు కుర్చీ నిద్రకే సిద్ధపడాలి. పిక్కల దన్ను ముందు పైకి లేపి, ఆ తరువాతే వీపు వాల్చండి. లేకపోతే శరీరం కిందికి జారుతూనే ఉంటుంది. నడుము వెనక మడిచిన తుండు, మెడకు గడ్డం కింద కూడా దన్ను ఇచ్చే దిండు, తల ఆనించడానికి కిటికీ సీటు, ఈ మూడూ ఉంటే మూడు నాలుగు గంటలు పడుకోవచ్చు.

11. దిగడానికి రెండు గంటల ముందు

సిబ్బంది లేపగానే కిటికీ తెర తీసి వెలుగు చూడండి. ముఖం కడుక్కుని, టాయిలెట్‌కు వెళ్లి వచ్చాకే సీటు నిటారుగా చేయండి. దిగడానికి అరగంట ముందు టాయిలెట్ల దగ్గర పెద్ద క్యూ ఉంటుంది. అల్పాహారం దిగే ఊరి వేళకు తగ్గట్టు తినండి. మాత్రలు డాక్టరు రాసిచ్చిన కాగితం చూసే వేసుకోండి.

బూట్లు వేసుకునేటప్పుడు పాదాలు పట్టకపోతే బలవంతం చేయక లేసులు వదులు చేసుకోండి. సీటు కదలడం ఆగిన తరువాత దిండు కింద, దుప్పటి మడతల్లో, సీటు పక్క అరలో, పాదాల అర లోపల ఒక్కొక్కటిగా చేయి పెట్టి వెతకండి. కళ్లద్దాలు, పళ్ల డబ్బా, వినికిడి యంత్రం, పాస్‌పోర్టు, ఫోను, చార్జరు: ఈ ఆరూ చేతి సంచిలోకి వచ్చాయని సరిచూసుకున్నాకే లేవండి. వీల్‌చైర్ కోరినవారు అందరూ దిగేదాకా తమ సీటులోనే ఉంటే మనిషి వచ్చి తీసుకెళ్తాడు.